కణాన్ని ఒక్క ప్రశ్న అడగాలంటే జెల్ ఎలా తయారు చేసుకోవాలి

నేను పరిశోధనలో చేరిన కొత్తలో ఏడు నెలలు ఎలుక కణితి నుంచి తీసిన సహజ జెల్‌తోనే పనిచేశాను. వాడటం సులువు. 4 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది, 37 డిగ్రీలకు రాగానే గడ్డకడుతుంది, కణాలు అందులో చక్కగా పెరుగుతాయి. నావి కూడా పెరిగి కొమ్మలు వేశాయి. ఆ తర్వాత ఇంకో బ్యాచ్ సీసా తెరిచాను. అవే కణాలు, అదే మీడియా (కణాలకు పోసే పోషక ద్రవం), పైపెట్ పట్టిందీ నేనే. కొమ్మలు మాత్రం రాలేదు. నెల రోజులు ఎక్కడ తప్పు చేశానా అని వెతికాక సంగతి అర్థమైంది. ఆ జెల్‌లో లామినిన్, కొలాజెన్‌లతో పాటు ఎన్నెన్నో ప్రొటీన్లు, గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. వాటి పాళ్లు బ్యాచ్ బ్యాచ్‌కీ మారతాయి. కణం దేన్ని చూసి కొమ్మ వేసిందో ఆ జెల్ వాడినంతకాలం నేను చెప్పలేను.

అప్పుడు కృత్రిమ జెల్స్ వైపు వచ్చాను. ఇందులో ఏం వేశామో మనకు తెలుసు, ఎంత వేశామో తెలుసు, ఒకదాన్ని మార్చి మిగతావి అలాగే ఉంచొచ్చు. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం, నేను చేసే పద్ధతిలోనే ఒక పెగ్ హైడ్రోజెల్‌ని, అంటే పెగ్ అనే పాలిమర్ అల్లికలో నీరు నిలిచే జెల్‌ని, మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

ముందు ప్రశ్న

జెల్ సంగతి ఆలోచించే ముందు మీ ప్రశ్నను కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. అందులో మారేది ఒక్కటే ఉండాలి. మారకూడనివి పేర్లతో సహా ఉండాలి. "మెత్తని జెల్‌లో స్టెమ్ సెల్స్ ఎలా ఉంటాయి" అని రాసుకుంటే దాన్నిబట్టి ఏ జెల్లూ తయారు చేయలేం. "కణం అంటుకునే చోట్లు, తన ఎంజైములతో కోసుకోగలిగే చోట్లు అలాగే ఉంచి, గట్టిదనం ఒక్కటే 1 కిలోపాస్కల్ నుంచి 10కి పెంచితే యాప్ ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్తుందా" అని రాస్తే జెల్ డిజైన్ సగం అయిపోయినట్టే.

గట్టిదనం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, దాని ప్రభావం అంత పెద్దది. 1997లో పెల్హామ్, వాంగ్ పాలీఅక్రిలమైడ్ పొరల మీద కణాలను పెంచి, అడుగు ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి కణాల నడక, పట్టు మారతాయని చూపించారు. 2006లో ఇంగ్లర్, డిషర్ బృందం అలాంటి పొరల మీదే మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ (ఎముక లాంటి వేర్వేరు రకాలుగా మారగల మూలకణాలు) వేసింది. మెదడంత మెత్తగా, అంటే 1 కిలోపాస్కల్ లోపు ఉన్నచోట అవి నాడీకణాల పోలికలు తెచ్చుకున్నాయి. 8 నుంచి 17 మధ్య కండరం వైపు, 25 నుంచి 40 మధ్య ఎముక వైపు మొగ్గాయి. 2011లో యాప్, టాజ్ అనే రెండు ప్రొటీన్లు ఈ గట్టిదనం కబురును కేంద్రకానికి చేరవేస్తాయని తేలింది. మనం రోజూ కణాలు పెంచే ప్లాస్టిక్ డిష్ గట్టిదనం గిగాపాస్కల్స్‌లో ఉంటుంది. మెదడుతో పోలిస్తే పది లక్షల రెట్ల పైమాటే. డిష్‌లో చూసినదాన్ని శరీరంలోనూ అలాగే జరుగుతుందని అనుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న రాశాక ఇంకో నిర్ణయం తీసుకోవాలి: కణం జెల్ మీద కూర్చోవాలా, లోపల ఉండాలా? మీద అయితే పాలీఅక్రిలమైడ్ సరిపోతుంది, దాని లెక్కలు అందరికీ తెలిసినవే. కానీ గడ్డకట్టకముందు అక్రిలమైడ్ విషం, కాబట్టి కణాలను లోపల కలపడానికి అది పనికిరాదు. మీరు కూడా గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. కణం లోపల ఉండాలంటే పెగ్ లాంటిది కావాలి. లోపలికి వెళ్లాక మాత్రం గట్టిదనం కథ మారిపోతుంది. పెగ్ అల్లికలో వల కన్ను సుమారు 10, 20 నానోమీటర్లు ఉంటుంది. కణం 10, 20 మైక్రోమీటర్లు, అంటే కన్ను కంటే వెయ్యి రెట్లు పెద్దది. అల్లికను కోసుకోలేకపోతే కణం గుండ్రంగా ముడుచుకుని అక్కడే ఉండిపోతుంది. 2013లో ఖేతన్, బర్డిక్ బృందం ఇదే చూపించింది: త్రీడీ జెల్‌లో స్టెమ్ సెల్ ఏమవుతుందన్నది గట్టిదనం కంటే, కణం చుట్టూ ఉన్నదాన్ని కోసి లాగగలిగిందా లేదా అన్నదాని మీద ఎక్కువ ఆధారపడింది. అందుకే త్రీడీలో కోత సంగతి తేల్చకుండా గట్టిదనం మీద ప్రయోగం పెట్టొద్దని చెప్తాను.

ఏమేం కావాలి

పెగ్ అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్. నీటిని పట్టుకుంటుంది, ప్రొటీన్లను తన మీద అంతగా అంటనివ్వదు, కణానికి తనంతట తాను ఏ కబురూ చెప్పదు. కబురు మనం వేసిన పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) నుంచే వెళ్లాలి కాబట్టి ఆ మౌనమే మనకు కావాలి. నేను నాలుగు చేతులున్న, 20,000 అణుభారం గల పెగ్ వాడతాను. ప్రతి చేతి చివరా నార్బోర్నీన్ అనే గుంపు ఉంటుంది. వెలుతురు పడ్డప్పుడు ఇది సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని థయాల్‌తో, అంటే గంధకం ఉన్న గుంపుతో, ఒకటికి ఒకటి లెక్కన ముడిపడుతుంది. 2009లో ఫెయిర్‌బ్యాంక్స్, ఆన్సెత్ బృందం చూపిన రసాయనం ఇది. మామూలు అక్రిలేట్‌లా ఆక్సిజన్ వల్ల ఆగిపోదు, లెక్క చక్కగా కుదురుతుంది.

రెండోది అంటుకునే పెప్టైడ్, ఆర్‌జీడీ (ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం). ఫైబ్రోనెక్టిన్ అంత పెద్ద ప్రొటీన్‌లో కణం పట్టుకునే చోటు చివరికి ఈ మూడు అమైనో ఆమ్లాలకు కుదించవచ్చని 1984లో పియర్ష్‌బాకర్, రూస్లాటి చూపించారు. ఒక చివర సిస్టీన్ పెట్టించి తెప్పించుకోండి. 1 మిల్లీమోలార్ (లీటర్‌కి మోల్‌లో వెయ్యో వంతు) దగ్గర మొదలుపెడితే చాలా రకాల కణాలకు సరిపోతుంది.

మూడోది క్రాస్‌లింకర్, అంటే పెగ్ చేతులను ఒకదానితో ఒకటి కలిపే పెప్టైడ్. రెండు చివర్లా సిస్టీన్ ఉండి, మధ్యలో కణం కోయగలిగే వరుస ఉండాలి. ఎక్కువమంది వాడేది జీ-పీ-క్యూ-జీ-ఐ-డబ్ల్యూ-జీ-క్యూ (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం). చుట్టూ ఉన్న ప్రొటీన్లను కోయడానికి కణాలు విడుదల చేసే ఎంఎంపీ ఎంజైములు దీన్ని జీ, ఐ మధ్యలో కోస్తాయి. ఇంకా త్వరగా కోసుకోవాలంటే వేరే వరుసలున్నాయి. మొదటిసారికి ఇదే మంచిది, దీని మీద పోల్చుకోవడానికి బోలెడు పని జరిగి ఉంది.

నాలుగోది ఎల్‌ఏపీ, వెలుతురు తగలగానే పని మొదలుపెట్టే పదార్థం. నీటిలో కరుగుతుంది, 0.05 శాతం చాలు.

లెక్క

ఇక్కడ తొందర వద్దు. జెల్ బాగా వచ్చేదీ పాడయ్యేదీ ఇక్కడే.

మనకు 5 శాతం పెగ్ జెల్ కావాలనుకోండి. అంటే మిల్లీలీటర్‌కి 50 మిల్లీగ్రాములు. అణుభారం 20,000 కాబట్టి పెగ్ 2.5 మిల్లీమోలార్. ఒక్కోదానికి నాలుగు చేతులు, కాబట్టి ముడిపడగల చివరలు 10 మిల్లీమోలార్. ఇందులో ఆర్‌జీడీ 1 మిల్లీమోలార్ తీసుకుంటుంది, మిగిలేవి 9. వీటిలో 75 శాతాన్ని క్రాస్‌లింకర్‌తో కలపాలంటే 6.75 మిల్లీమోలార్ థయాల్ కావాలి. ఒక్కో క్రాస్‌లింకర్‌కి రెండు థయాల్స్ ఉంటాయి, కాబట్టి క్రాస్‌లింకర్ 3.375 మిల్లీమోలార్. రెండు పక్కలా సిస్టీన్, దాని బయట లైసీన్ ఉన్న పెప్టైడ్ అణుభారం దాదాపు 1305. అంటే మిల్లీలీటర్‌కి 4.4 మిల్లీగ్రాములు.

గట్టిదనం మార్చాలంటే ఆ 75ని 50 చేయొచ్చు, 90 చేయొచ్చు. సిద్ధాంతం ప్రకారం నాలుగు చేతుల అణువులు అల్లికగా మారాలంటే కనీసం మూడో వంతు చేతులైనా ముడిపడాలి. ఆచరణలో కొన్ని చేతులు తమలో తామే ముడిపడి వృథా అవుతాయి, కాబట్టి 50కి కిందికి నేను వెళ్లను. అయితే క్రాస్‌లింకర్ తగ్గిస్తే గట్టిదనంతో పాటు కోత చోట్లు కూడా తగ్గుతాయి. అంటే ఒకటి మార్చామనుకుని రెండు మార్చినట్టు. దీనికి నేను చేసేది ఇది: కోయగలిగే క్రాస్‌లింకర్‌ని అన్ని జెల్స్‌లోనూ 50 శాతం దగ్గరే ఉంచి, గట్టి జెల్‌లో అదనపు 25 శాతాన్ని ఎంజైము కోయలేని క్రాస్‌లింకర్‌తో నింపుతాను. అప్పుడు కోత చోట్ల సంఖ్య రెండింట్లో సమానంగా ఉంటుంది.

ఇప్పుడు నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టిన సంగతి చెప్తాను. లెక్క సరిగ్గా వేశాను, తూకం సరిగ్గా వేశాను, కానీ జెల్ గట్టిదనం అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదు. వెలుతురు పెంచాను, ఎల్‌ఏపీ కొత్తది కలిపాను, ఏమీ మారలేదు. లోపం పొడిలో ఉంది. పెప్టైడ్ తయారీ చివర్లో వాడే ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం, పెప్టైడ్‌లో ధనావేశం ఉన్న ప్రతి చోటా ఉప్పులా అతుక్కుని ఉంటుంది. నా పెప్టైడ్‌లో రెండు లైసీన్లు, ఒక ఖాళీ కొన, మొత్తం మూడు చోట్లు. ఒక్కో ఆమ్లం 114, మూడింటికి 342. అంటే నేను 1305 అనుకుని తూచిన పొడి నిజానికి 1647. నాకు అందింది 79 శాతం పెప్టైడే. 75 శాతం ముడిపడాల్సింది 59 దగ్గర ఆగిపోయింది.

దీనికి పైన ఇంకో నష్టం ఉంది. తడి, గాలి తగిలితే సిస్టీన్లు రెండేసి కలిసి డైసల్ఫైడ్ అవుతాయి. అలా కలిసినవి జెల్‌లోకి రావు. అందుకే ఇప్పుడు పెప్టైడ్‌ని తూకంతో కాక థయాల్‌తో లెక్కపెడతాను. ఎల్‌మన్ పరీక్షకి పావుగంట చాలు: డీటీఎన్‌బీ కలిపితే థయాల్ ఉన్నంత మేరకు పసుపు రంగు వస్తుంది, 412 నానోమీటర్ల దగ్గర కొలిచి సిస్టీన్ స్టాండర్డ్‌తో పోల్చాలి. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ, పాత సీసా నెల దాటిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. పెప్టైడ్‌ని చిన్న చిన్న ట్యూబులుగా పంచి, ఆరబెట్టి, ఆర్గాన్ కింద మైనస్ 20 లేదా అంతకంటే చల్లగా దాచుకోండి. ఒకసారి కరిగించిన ట్యూబ్‌ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఆ ఆమ్లం వల్ల ద్రావణం పుల్లగా మారుతుంది కూడా, కణాలు కలిపే ముందు పీహెచ్ 7.4 దగ్గర ఉందో లేదో తప్పక చూసుకోండి. కణాలన్నీ ఒక్క రాత్రిలో చనిపోయాయని ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదట అడిగేది పీహెచ్ చూశారా అనే.

కలపడం

ముందు కణాలు లేకుండా మూడు జెల్స్ చేసి చూడండి. అవి సరిగ్గా వచ్చాకే కణాలను డిష్ నుంచి తీయండి. కణాలు ట్యూబులో ఎదురుచూస్తుంటే చేతులు కంగారు పడతాయి, ఆ టెన్షన్‌లో లెక్క తప్పుతుంది.

పెగ్, ఆర్‌జీడీ, ఎల్‌ఏపీ, బఫర్ ముందే కలిపి ఫిల్టర్ చేసి పెట్టుకోవచ్చు. క్రాస్‌లింకర్‌ని చివర్లో కలపండి. కణాలను మిల్లీలీటర్‌కి పది లక్షల లెక్కన చేర్చండి, బుడగలు రాకుండా నెమ్మదిగా పైపెట్ చేయండి. కొన కోసిన 1 మిల్లీలీటర్ సిరంజి మంచి అచ్చు. అందులో 30 మైక్రోలీటర్లు పోసి, 365 నానోమీటర్ల వెలుతురు, చదరపు సెంటీమీటర్‌కి 10 మిల్లీవాట్లు, రెండు నిమిషాల లోపు పెడితే జెల్ గడ్డకడుతుంది. దీపం పక్కన రాసిన సంఖ్యను నమ్మకుండా, నమూనా ఉండే చోట మీటర్ పెట్టి కొలవండి. ప్లంజర్ నొక్కితే చిన్న బిళ్లలా మీడియాలోకి జారుతుంది. కలిపాక వెలుతురు పెట్టడం ఆలస్యం చేస్తే కణాలు అడుగుకు దిగిపోతాయి, అప్పుడు త్రీడీ అనుకున్నది ఒక పొర అయిపోతుంది.

వెలుతురు పెట్టిన కంట్రోల్ ఒకటి ఉండాలి. అంటే డిష్‌లోని కణాలకు కూడా అంతే ఎల్‌ఏపీ, అంతే వెలుతురు ఇచ్చి మర్నాడు ఎన్ని బతికాయో చూడాలి. కణాలు చచ్చిపోతే అది జెల్ వల్లనా, వెలుతురు వల్లనా అన్నది అప్పుడే తెలుస్తుంది.

బిళ్ల మందం గురించి ఒక మాట. ఆక్సిజన్ కణజాలంలో వంద, రెండు వందల మైక్రోమీటర్లకు మించి సరిగ్గా అందదని అంటారు. కణాలు పలచగా ఉన్న జెల్‌లో అంత ఇబ్బంది ఉండదు, చిక్కగా వేసినప్పుడు మాత్రం బిళ్ల మధ్యలోని కణాలకూ అంచు కణాలకూ తేడా వస్తుంది. అలాంటప్పుడు మందం తగ్గించండి.

కొలవడం

తయారు చేసిన వెంటనే కొలిచిన గట్టిదనం కణానికి సంబంధించింది కాదు. జెల్ మీడియాలో ఒక రాత్రి ఉబ్బాక మెత్తబడుతుంది, కణం ఉండేది ఆ ఉబ్బిన జెల్‌లోనే. కాబట్టి ఉబ్బాకే రియోమీటర్ (జెల్‌ని మెలిపెట్టి గట్టిదనం కొలిచే పరికరం) మీద పెట్టండి. రియోమీటర్ ఇచ్చేది షియర్ మాడ్యులస్, అంటే పక్కకు జరిపినప్పటి గట్టిదనం. పొరల మీద చేసిన పనుల్లో ఎక్కువగా రాసేది యంగ్స్ మాడ్యులస్, అంటే లాగినప్పుడో నొక్కినప్పుడో ఉండే గట్టిదనం. ఇలాంటి జెల్‌కి రెండోది మొదటిదానికి దాదాపు మూడు రెట్లు. ఎవరి అంకెతోనైనా మీ అంకె పోల్చేటప్పుడు వాళ్లు ఏది రాశారో చూడండి. ఈ ఒక్క గందరగోళం వల్ల సమానం కాని జెల్స్‌ని సమానమని వాదించుకోవడం నేను చూశాను.

కంట్రోల్ జెల్స్ రెండు తప్పనిసరి. ఒకటి, ఆర్‌జీడీ బదులు అవే అక్షరాలు తారుమారు చేసిన ఆర్‌డీజీ. బరువు అదే, ఆవేశం అదే, కణం మాత్రం పట్టుకోలేదు. రెండోది, క్రాస్‌లింకర్‌ని అద్దంలో ప్రతిబింబంలాంటి డీ-అమైనో ఆమ్లాలతో చేయించినది. రసాయనం అదే, గట్టిదనం అదే, ఎంజైము కోయలేదు. డీ-రూపం ఖర్చు ఎక్కువే, అయినా మిగతా ఎక్కడైనా పొదుపు చేయండి గానీ దీని దగ్గర వద్దు.

దారి చూపడం

ఇంతవరకు చెప్పింది కణాన్ని అడగడం గురించి. అదే జెల్‌తో కణాన్ని ఒక వైపు నడిపించవచ్చు కూడా. 2009లో క్లోక్సిన్, ఆన్సెత్ బృందం వెలుతురు పడ్డచోట విడిపోయే జెల్ చేసి, కణాలు లోపల ఉండగానే వాటి చుట్టూ ఉన్నదాన్ని మార్చింది. 2014లో అలాంటి జెల్స్‌తోనే, గట్టి చోట చాలా రోజులున్న స్టెమ్ సెల్స్ మెత్తని చోటికి వచ్చాక కూడా యాప్‌ని కేంద్రకంలోనే ఉంచుకున్నాయని తెలిసింది. దీన్ని బట్టి మీకొక పని: కణాలను ప్లాస్టిక్ మీద ఎన్నిసార్లు, ఎన్ని రోజులు పెంచారో నోట్‌బుక్‌లో రాసుకోండి.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2016లో గ్యోరెవ్‌స్కీ, లుటోల్ఫ్ బృందం పేగు స్టెమ్ సెల్స్ మీద చేసిన పని. పెగ్ జెల్ గట్టిగా ఉన్నప్పుడు స్టెమ్ సెల్స్ సంఖ్య పెరిగింది. అవి వేర్వేరు కణాలుగా మారి చిన్న పేగు రూపం కట్టాలంటే మాత్రం జెల్ మెత్తగా ఉండాలి, లామినిన్ కావాలి. ఒకే జెల్ అన్ని దశలకూ సరిపోదని, దశను బట్టి మార్చాలని దీనివల్ల తెలిసింది. అదే ఏడాది చౌధురీ, మూనీ బృందం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) జెల్స్‌తో ఇంకో కోణం చూపించింది: గట్టిదనం ఒకటే అయినా, లాగినప్పుడు త్వరగా సర్దుకునే జెల్‌లో స్టెమ్ సెల్స్ బాగా విస్తరించి ఎముక వైపు వెళ్లాయి. మనం తయారు చేసిన పెగ్ జెల్ సర్దుకునే రకం కాదు, స్ప్రింగులా వెనక్కి వస్తుంది. మీ ప్రశ్నకు ఆ గుణం అవసరమైతే వేరే రసాయనం వెతుక్కోవాలి.

ఎప్పుడు చూడాలి

జెల్‌లో పెట్టిన కొద్ది రోజులకే కణాలు సొంత ప్రొటీన్లు చుట్టూ పరుచుకుంటాయి. పదో రోజున కణం మీ ఆర్‌జీడీని పట్టుకుని ఉందని చెప్పలేరు, తాను నేసుకున్నదాన్నే పట్టుకుని ఉండవచ్చు. జెల్ గుణం గురించి అడిగే ప్రశ్నకు మొదటి మూడు రోజుల్లోపే జవాబు చూస్తాను. పది రోజుల ప్రయోగమైతే ఆ కొత్త ప్రొటీన్లను కూడా రంగు వేసి చూస్తాను.

రంగు వేయడానికి ఓపిక కావాలి. డిష్ మీద గంటలో అయ్యే యాంటీబాడీ పని జెల్‌లో ఒక రాత్రి పడుతుంది, కడగడానికి ఇంకో రోజు. తొందరపడి కడిగితే వెనక వెలుతురు మిగిలి, బొమ్మ మసకగా వస్తుంది. బొమ్మలు తీసేటప్పుడు జెల్ అంచుకు, గాజుకు దగ్గరగా ఉన్న కణాలను వదిలి కనీసం 100 మైక్రోమీటర్లు లోపలికి వెళ్లండి. లెక్కపెట్టేవాళ్లకు ఏ జెల్ ఏదో చెప్పకండి.

నా థయాల్ లెక్క సరిచేసుకున్నాక తీసిన మొదటి కన్ఫోకల్ మైక్రోస్కోప్ బొమ్మలు ఇంకా దాచుకున్నాను. రెండు జెల్స్, రియోమీటర్ మీద రెండూ ఒకటే. మూడో రోజు. మొదటిదాంట్లో కణాలు సన్నని కాళ్లు చాపి, అల్లికలో దారి చేసుకుంటూ పక్క కణాన్ని అందుకోబోతున్నాయి. డీ-రూపం జెల్‌లో అవే కణాలు, అదే ఆర్‌జీడీ, అన్నీ బతికే ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు, అన్నీ గుండ్రంగా ఉన్నాయి. ఏడు నెలల సహజ జెల్ పనిలో నేను చెప్పలేకపోయిన మాటను ఆ రోజు చెప్పగలిగాను: ఈ కణం కాలు చాపాలంటే ముందు కోయాలి.